ట్యునీషియా దినార్‌కు వెయ్యి మిల్లీమ్‌లు ఎందుకు?

ప్రశ్న: త్వరలో ట్యునీషియా వెళ్తున్నాను. అక్కడి దినార్‌ను వందకు బదులు వెయ్యి భాగాలుగా విభజించారని, బయటి దేశాల్లో అది దొరకదని విన్నాను. కారణాలు వివరించగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు విన్న రెండు మాటలూ నిజమే. మొదటిదానికి కారణం ఫ్రెంచి పాలన కాలంలో ఉంది. అప్పట్లో ట్యునీషియాలో ఫ్రాంక్ చెల్లుబాటులో ఉండేది. 1956లో స్వాతంత్ర్యం వచ్చాక 1958లో కేంద్ర బ్యాంకును నెలకొల్పి, అదే ఏడాది దినార్‌ను చట్టబద్ధం చేసి, వెయ్యి ఫ్రాంకులకు ఒక దినార్ అని నిర్ణయించారు. నోట్లు, నాణేలు 1960లో చలామణిలోకి వచ్చాయి. దినార్‌లో వెయ్యో వంతు మిల్లీమ్ కాబట్టి, పాత ఫ్రాంక్ విలువే కొత్త మిల్లీమ్ విలువ అయింది. జనం పాత లెక్కలను మార్చుకోవలసిన అవసరమే రాలేదు. నేటికీ వంద మిల్లీమ్‌లను వాడుకలో వంద ఫ్రాంకులు అనేవారు అక్కడ ఉన్నారు. అయితే పాత లెక్కను నిలుపుకున్నంత మాత్రాన కొత్త ద్రవ్యం ఫ్రాన్స్ చెప్పుచేతల్లో ఉండిపోలేదు. 1958 డిసెంబరులో ఫ్రాన్స్ తన ఫ్రాంక్ విలువను తగ్గించినప్పుడు ట్యునీషియా దాని వెంట నడవలేదు. నా దృష్టిలో దినార్ నిజంగా సొంత నాణెం అయింది ఆ నిర్ణయంతోనే.

ఈ వెయ్యి లెక్క కొత్తవారిని తికమక పెట్టేది ధరల చీటీ దగ్గర. అక్కడ ఫ్రెంచి పద్ధతిలో దశాంశ స్థానంలో కామా పెట్టి, దాని తరువాత మూడంకెలు వేస్తారు. అందువల్ల 4,500 అని కనిపిస్తే అది నాలుగు వేల ఐదు వందలు కాదు, నాలుగున్నర దినార్లు. ఇటీవలి ఏళ్లలో డాలరుకు సుమారు 3 దినార్లు వస్తున్నాయి కాబట్టి, నాలుగు వేలు అనుకుని బెదిరిపోయిన వస్తువు ఒకటిన్నర డాలర్ల సరుకేనని తేలుతుంది. నోట్లలో 2020లో వచ్చిన పది దినార్ల నోటును గమనించండి. దానిపై ఉన్నది ఆ దేశపు తొలి మహిళా వైద్యురాలు తౌహీదా బెన్ షేఖ్.

ఇక రెండో సంగతి. దినార్లను దేశంలోకి తేవడాన్నీ, దేశం దాటించడాన్నీ అక్కడి చట్టం నిషేధించింది. విదేశీ మారక నిల్వలు హరించుకుపోకుండా, పెట్టుబడులు అదుపు లేకుండా బయటకు తరలిపోకుండా చూసుకోవడమే ఈ కట్టడి ఉద్దేశం. 1990ల ఆరంభంలో వర్తక చెల్లింపుల వరకు ఆంక్షలు సడలించినా, నగదుపై నిషేధం తొలగలేదు. కాబట్టి యూరోలో, డాలర్లో తీసుకువెళ్లి, అక్కడి బ్యాంకులోనో విమానాశ్రయంలోని మారక కేంద్రంలోనో కొద్దికొద్దిగా మార్చుకోండి. ఇచ్చిన రసీదులను మాత్రం పారేయకండి. మిగిలిన దినార్లను బయలుదేరే ముందు తిరిగి విదేశీ ద్రవ్యంగా మార్చుకోవాలంటే వాటిని చూపమని అడుగుతారు.