ఉదయం లోకల్‌ను ఫాస్ట్ లైనుకు మళ్లిస్తే కాంజూర్‌మార్గ్ చేరేదెలా?

ముంబైకి కొత్తగా వచ్చి డోంబివిలీ నుంచి కాంజూర్‌మార్గ్‌కు ఉద్యోగానికి వెళ్తున్నానన్నారు. ప్రతి స్టేషనులో ఆగే స్లో లోకలే ఎక్కినా అది మీ స్టేషనులో ఆగకుండా వెళ్లిపోయిందని, అలాంటి రోజున ఏం చేయాలని అడిగారు. నేను పదకొండేళ్లుగా డోంబివిలీ నుంచి విద్యావిహార్‌కు వెళ్లివస్తున్నాను. మొదటి చలికాలంలో నాకూ ఇదే జరిగింది.

ముందు కారణం చెబుతాను. ములుండ్ నుంచి మాటుంగా దాకా స్లో లైను, కొన్ని స్టేషన్లలోనే ఆగే రైళ్లు నడిచే ఫాస్ట్ లైను పక్కపక్కనే సాగుతాయి. స్లో లైనులో ఏదైనా చెడిపోతే ఆ రైళ్లను ఫాస్ట్ లైను మీదికి మళ్లిస్తారు. అప్పుడు అవి సాధారణంగా ములుండ్, భాండుప్, విక్రోలీ, ఘాట్కోపర్, కుర్లా, సయన్‌లలో ఆగుతాయి. నాహుర్, కాంజూర్‌మార్గ్, విద్యావిహార్‌లలో ఆగవు. అక్కడ ఫాస్ట్ లైను పక్కన రైలుకు సరిపడే ప్లాట్‌ఫారం లేదు. మీ స్టేషనూ నా స్టేషనూ ఆ మూడింటిలోనే ఉన్నాయి, కాబట్టి ఈ పేర్లు కంఠతా పెట్టుకోండి. ఆదివారం మెగా బ్లాక్ (మరమ్మతుల కోసం లైను ఆపడం) ప్రకటనల్లో ఏయే స్టేషన్లలో ఆగుతాయో రాస్తారు. వాటిని రెండు మూడు వారాలు చదివితే, సోమవారం ఉదయం ఉన్నట్టుండి లైను ఆగినా తికమకపడరు.

నా విషయానికి వస్తే, అది జనవరి. తెల్లవారుజామున చలికి ఉక్కు కుంచించుకుపోతుంది, పట్టాలు పగిలేది ఎక్కువగా అప్పుడే. ఆడవాళ్ల పెట్టెలో నా ఎదుట ఒక పెద్దావిడ ఒళ్లో పాతచీర ముక్క పరచుకుని మెంతికూర తుంచుతోంది. ములుండ్ దాటగానే రైలు ఒక్కసారి పక్కకు ఊగి లైను మారింది. ప్రకటన మరాఠీలో వచ్చింది, నాకు అర్థం కాలేదు. ఆవిడ చేతిలో కాడ అలాగే పట్టుకుని "ఎక్కడ దిగాలి?" అని హిందీలో అడిగింది. విద్యావిహార్ అన్నాను. ఆగదని తల అడ్డంగా ఊపి, భాండుప్ దాటినప్పటి నుంచి నన్ను తలుపు వైపు జరుపుతూ ఘాట్కోపర్‌లో దింపేసింది. అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. ఆవిడే లేకపోతే కుర్లా దాకా పోయేదాన్ని. ఆ మేలు నేను ఇప్పటికీ మరచిపోలేదు. కొత్త ముఖం కనిపిస్తే నేనూ అడుగుతాను, ఎక్కడ దిగాలమ్మా అని.

మీరైతే భాండుప్‌లో దిగండి. మీ స్టేషనుకు ముందే వస్తుంది కాబట్టి పాసుతో ఇబ్బంది ఉండదు, అక్కడి నుంచి ఆటో చాలు. ఇంకో దారీ ఉంది. తరచుగా చెడిపోయేది ఒక్క దిశలోని లైనే. కల్యాణ్ వైపు వెళ్లే స్లో రైళ్లు మామూలుగా నడుస్తుంటే, విక్రోలీలో దిగి, అటు వెళ్లే స్లో ఎక్కి ఒక్క స్టేషను వెనక్కి రండి. అందుకు పాసు కాంజూర్‌మార్గ్ దాకా కాకుండా కనీసం విక్రోలీ దాకా ఉండాలి, ఘాట్కోపర్ దాకా తీసుకుంటే ఇంకా మంచిది. ఘాట్కోపర్‌లో అంధేరీ వెళ్లే మెట్రో కూడా ఉంది, ఎప్పుడైనా అక్కరకు వస్తుంది.

ఇల్లు కదిలే ముందు ఎం-ఇండికేటర్ యాప్‌లో ప్రయాణికులు రాసే కబుర్లు చూడండి. స్టేషనులో ప్రకటన రాకముందే ఏ రైలు ఎక్కడ నిలిచిందో అక్కడ తెలిసిపోతుంది. ఠాణే దాకా వచ్చాక అన్ని లైన్లూ ఆగిపోయాయని తెలిస్తే, ఎల్‌బీఎస్ (లాల్ బహదూర్ శాస్త్రి) రోడ్డు మీదుగా బస్సో ఆటోనో పట్టుకోవడమే. ఆ రోజుల్లో ఆటో దొరకడమే కష్టం. నేనైతే స్టేషను ముందర గుంపులో నిలబడకుండా పది నిమిషాలు నడిచి రోడ్డు మీద ఆపుతాను.

రెండు విషయాలు మాత్రం మిమ్మల్ని బతిమాలి చెబుతున్నాను. రైలు వచ్చే ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మారిందని ప్రకటిస్తే వంతెన మీద పరుగెత్తకండి. 2017 సెప్టెంబర్ 29న ఉదయం, వాన పడుతున్న వేళ, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ (ఇప్పటి ప్రభాదేవి) స్టేషను నడక వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. ఆ వంతెన మీదుగా నేను ఎన్నోసార్లు నడిచాను.

రెండోది, రైలు స్టేషన్ల మధ్య ఆగిపోతే పట్టాల మీదికి దూకకండి. ఒకసారి మేం నలభై నిమిషాలు అలా ఇరుక్కున్నాం. పెట్టె అంచు నుంచి కింది కంకర దాకా ఛాతీ ఎత్తు ఉంటుంది. అయినా ఒకమ్మాయి సంచీ విసిరేసి దిగబోయింది. మేం ఇద్దరం ఆమె చేయి పట్టి ఆపిన కాసేపటికి పక్క లైనులో ఒక రైలు కూత కూడా వేయకుండా దూసుకుపోయింది. మళ్లింపులు ఉన్న రోజు ఏ పట్టా మీద ఏ రైలు వస్తుందో రోజూ ప్రయాణించేవాళ్లకు కూడా తెలియదు.

మీ ఆఫీసు కాంజూర్‌మార్గ్‌లో తూర్పు వైపా, పడమర వైపా? అది రాస్తే భాండుప్‌లో ఏ వైపు బయటికి రావాలో చెబుతాను.