గుడ్డు ఉడికాక పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడి వస్తోంది, ఎందుకు?

గుడ్డు మరీ తాజాగా ఉండటం ఒక కారణం, చల్లనీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టడం రెండో కారణం. అప్పుడే పెట్టిన గుడ్డులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అది పెంకు రంధ్రాల గుండా మెల్లగా బయటికి పోతేనే తెల్లసొన క్షారగుణం పెరిగి, లోపలి పొరను అంటుకోవడం తగ్గుతుంది. అందుకే నాటుకోడి గుడ్లు ఇంట్లోవే అయితే ఉడకబెట్టడానికి వారం, పది రోజులు ఫ్రిజ్‌లో ఆగినవి తీసుకోండి. తాజావి అట్టుకు వాడుకోవచ్చు.

నీళ్లు తెర్లుతున్నప్పుడే గుడ్లను గరిటెతో మెల్లగా దించండి. ఒక్కసారిగా వేడి తగిలితే తెల్లసొన పొరకు అతుక్కోకముందే గట్టిపడుతుంది. తర్వాత మంట తగ్గించి 11 నిమిషాలు. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీదైతే 12, 13 నిమిషాలు. నాకు ఇదే మేలనిపిస్తుంది, గుడ్లు ఒకదానికొకటి కొట్టుకుని పగలవు. ఇంకా ఎక్కువసేపు ఉంచితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది.

దించగానే ఐస్ నీళ్లలో కనీసం 10 నిమిషాలు ఉంచాలి. వెడల్పు కొసన గాలి ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడే తట్టి, పెంకు కింది పల్చటి పొరను కూడా గోటితో పట్టుకుని, నీళ్లలోనే ఒలవండి. ఉడికించే నీళ్లలో ఉప్పు వేసినా పాత గుడ్డు చేసే పని అది చేయలేదు.