38 వేలు పెట్టి 800 గ్రాములు తగ్గించుకోవాలా?

మీది పన్నెండున్నర కిలోల హైబ్రిడ్ సైకిల్, మీ బరువు 74 కిలోలు అన్నారు. కార్బన్ ఫైబర్‌తో చేసిన సీట్‌పోస్టు (సీటును మోసే గొట్టం), కార్బన్ హ్యాండిల్‌బార్, తేలికపాటి క్రాంక్ (పెడళ్లు బిగించే కడ్డీ) వేయిస్తే 800 గ్రాములు తగ్గుతుందని, 38 వేలు అవుతుందని షాపులో చెప్పారట. దాంతో సింహాచలం కొండ ఎక్కడం సులువవుతుందా అని అడిగారు. వద్దండీ, ఆ పని చేయకండి. నేనూ విశాఖలోనే, పెదవాల్తేరులో ఉంటాను. ఎనిమిదేళ్లుగా తొక్కుతున్నాను. ఇలాంటి ఖర్చు ఒకసారి పెట్టి నష్టపోయాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు లెక్క చూడండి. కొండ మీదికి మీరు మోసేది సైకిల్ ఒక్కదాన్నే కాదు. మీరు, సైకిల్, నీళ్ల సీసా, పంపు అన్నీ కలిపితే 88 కిలోలు. అందులో 800 గ్రాములంటే నూటికి ఒక వంతు కూడా లేదు. ఎక్కుడులో వేగం తక్కువ కాబట్టి గాలి పెద్దగా అడ్డుపడదు, శ్రమంతా దాదాపు బరువును పైకి లాగడానికే పోతుంది. అందుకే బరువు ఎంత శాతం తగ్గితే సమయం కూడా సుమారు అంతే తగ్గుతుంది. మీకు కొండ ఎక్కడానికి 24 నిమిషాలు పడుతోందనుకుంటే, కలిసొచ్చేది 13 సెకన్లు. ముప్పావు లీటరు నీళ్ల బరువే 750 గ్రాములు. అలాగని మన ఉక్కపోతలో నీళ్లు లేకుండా మాత్రం బయల్దేరకండి.

పోటీల్లో దిగేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు 13 సెకన్లంటే గెలుపోటముల తేడా. వాళ్లకు కూడా 2000 సంవత్సరం నుంచి సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం ఉంది.

ఇక బీచ్ రోడ్డులో తొక్కేటప్పుడు ఈ 800 గ్రాములు అసలు తెలియనే తెలియవు. చదును రోడ్డు మీద మనం కొట్లాడేది గాలితో. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మే నెలలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్తుంటే నైరుతి గాలి వెనక నుంచి నెడుతుంది, రుషికొండ దాటిందీ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురొచ్చి ప్రాణం తీస్తుంది. అక్కడ మోచేతులు వంచి కాస్త కిందికి ఒంగడం వల్ల కలిగే లాభం ఏ కార్బన్ ముక్కా ఇవ్వదు.

కొండ ఎక్కడంలో నాకు నిజంగా తేడా తెచ్చిన పార్టు నా సైకిల్ బరువును పెంచింది. నా సైకిల్‌కి ముందు, పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక క్యాసెట్‌లో (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తిలో) పెద్దదానికి 28 పళ్లు ఉండేవి. మలుపుల దగ్గర పెడల్ కదిలేది కాదు, లేచి నిలబడి తొక్కేవాడిని, మోకాళ్లు రెండు రోజులు నొప్పి పెట్టేవి. పెడల్ తేలిగ్గా తిరగాలని వెనక, పెద్ద చక్రానికి 34 పళ్లుండే క్యాసెట్ వేయించాను. బరువు వంద గ్రాములకు పైగా పెరిగింది, కొండ మాత్రం కూర్చునే ఎక్కగలిగాను. ఆ రోజు పైన గుడి దగ్గర సైకిల్ ఆపి నిలబడినప్పటి సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఖర్చు కూడా మీరనుకుంటున్న దాంట్లో పదోవంతే అయింది. అయితే మీ వెనక డిరైల్యూర్ (చైనును జరిపి గేర్లు మార్చే పరికరం) ఎన్ని పళ్ల వరకు తట్టుకుంటుందో ముందే చూసుకోవాలి, చైను కూడా పొడవైనది కావలసి రావచ్చు.

రెండో ఖర్చు టైర్ల మీద పెట్టండి. సైకిల్‌తో పాటు కంపెనీ ఇచ్చే, అంచులో తీగ ఉండే టైర్లు బరువుగా, మొద్దుగా ఉంటాయి. మడత పెట్టగలిగే మంచి టైర్లు వేస్తే బరువూ తగ్గుతుంది, సైకిల్ సాఫీగా దొర్లుతుంది. ఆ లాభం చదునులోనూ ఉంటుంది, ఎక్కుడులోనూ ఉంటుంది. మరీ పల్చటివి మాత్రం వద్దు. అలాంటివి ఒకసారి వేస్తే ఒక్క నెలలో మూడు పంక్చర్లు అయ్యాయి. సోమవారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పగిలిన సీసా ముక్కలు ఎలా ఉంటాయో మీకూ తెలుసు కదా.

షాపులో చెప్పని విషయం ఇంకొకటుంది, మన ఊరి ఉప్పుగాలి. నేను అల్యూమినియం ఫ్రేములో కార్బన్ సీట్‌పోస్టు వేయించుకున్నాను. బిగించినవాళ్లు కార్బన్ పేస్టు (కార్బన్ పార్టులు బిగించేటప్పుడు రాసేది) రాయలేదు, రాయాలని నాకూ తెలియదు. కార్బనూ అల్యూమినియమూ తగిలి ఉన్నచోట ఉప్పునీటి చెమ్మ చేరితే, అల్యూమినియం తుప్పు పట్టి ఉబ్బుతుంది. తొమ్మిది నెలల తర్వాత సీటు కాస్త పైకి లేపుదామంటే పోస్టు కదల్లేదు. నూనె పోశాను, వేడినీళ్లు పోశాను, ఇద్దరం పట్టుకుని తిప్పాం. మా వీధి చివరి మెకానిక్ చూసి, "ఏటి బాబూ, కొన్నప్పట్నించి ఒక్కసారీ బయటికి తియ్యనేదా?" అన్నాడు. చివరికి కోసి తీయాల్సి వచ్చింది. పదకొండు వేల పోస్టు రెండు ముక్కలై నేల మీద పడింటే కడుపు తరుక్కుపోయింది. ఫ్రేము దక్కింది, అదొక్కటే అదృష్టం. అదే ఏడాది, బరువు తగ్గుతుందని వేసిన అల్యూమినియం బోల్టు తల ఒకటి విప్పుతుంటే ఊడిపోయింది. మీరు సముద్రానికి దగ్గరుంటే బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే ఉంచండి, గ్రీజు రాయండి, సీట్‌పోస్టు మూడు నెలలకోసారి తీసి తుడిచి పెట్టండి.

తక్కువ బరువు ఎవరికీ అక్కర్లేదని కాదు. మా చెల్లి 47 కిలోలు. తన పాత సైకిల్ 14 కిలోలు, అంటే తన బరువులో పావు వంతు కన్నా ఎక్కువ. లిఫ్టులో పట్టదు, రోజూ మూడో అంతస్తుకి భుజాన మోసేది. పాతది అమ్మి, ఇంకొంత వేసి పది కిలోల సైకిల్ కొన్నాం. కొండ మీద రెండు నిమిషాల దాకా తగ్గింది. దానికన్నా ముఖ్యం, మెట్ల భయం పోయి వారానికి ఒకసారి తొక్కేది నాలుగుసార్లు తొక్కుతోంది. అక్కడ పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమే. కానీ మేం మార్చింది మొత్తం సైకిల్‌ని. పార్టు తర్వాత పార్టు మార్చుకుంటూ పోతే అదే నాలుగు కిలోలకు అంతకు ఎన్నో రెట్లు అయ్యేది. మీకూ తేలికైన సైకిలే కావాలంటే ఆ 38 వేలు దాచి, తర్వాతి సైకిల్‌లో కలపండి.

ముందైతే మీ వెనక క్యాసెట్‌లో పెద్ద చక్రానికి, ముందున్న చిన్న చక్రానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి, డిరైల్యూర్ మీద రాసి ఉన్న మోడల్ నంబరుతో సహా ఇక్కడ రాయండి. ఏ క్యాసెట్ సరిపోతుందో చూసి చెబుతాను.