కాన్పులు తగ్గినా జనాభా ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మా చుట్టుపక్కల ఏ ఇంట చూసినా ఒకరిద్దరు పిల్లలే ఉంటున్నారు. అయినా దేశ జనాభా పెరుగుతూనే ఉందంటున్నారు. కారణమేమిటండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు గమనించింది నిజమేనమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు దేశంలో 2.0, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, జనాభా నిలకడకు కావలసిన 2.1 కంటే ఇవన్నీ తక్కువే. అయితే కాన్పులు ఎక్కువగా ఉన్న రోజుల్లో పుట్టిన ఆడపిల్లలే ఇప్పుడు తల్లులవుతున్నారు గనుక, ఒక్కొక్కరు ఇద్దరినే కన్నా, పుట్టేవారు పోయేవారిని మించే ఉంటారు. ఈ ఊపు తగ్గడానికి దశాబ్దాలు పడుతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పక తప్పదు. అదే సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోని 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ (ఆడవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నవారే కాగా, వేసెక్టమీ (మగవారికి చేసే ఆపరేషన్) వాటా ఒక శాతం కూడా లేదు. పొత్తికడుపు మీద కుట్లతో, పక్కన పసిగుడ్డుతో, లేవబోతూ మంచం పట్టె పట్టుకునే బాలింతను చూడని ఇల్లు మనలో అరుదు. కోత, కుట్టు లేని వేసెక్టమీ నిమిషాల్లో పూర్తవుతుంది, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు, మగతనానికి ఏ లోటూ రాదు. మూడు నెలలు కండోమ్ వాడి, ఆపై వీర్యపరీక్ష చేయించుకుంటే చాలు.