హీరోను కాదు, సంచికను చూడండి

ప్రశ్న: మా వాడికి తొమ్మిదేళ్లు. సూపర్‌హీరో సినిమాలు ఇంటిల్లిపాదీ చూస్తాం. ఇప్పుడు ట్యాబ్‌లో కామిక్స్ చదువుతానని గొడవ. స్నేహితుడి అన్న టెలిగ్రామ్‌లో ఒక సంచిక పంపాడు. ఇవ్వచ్చా? కిడ్స్ మోడ్ పెడితే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, కావలి

సరిపోదు. ఒంగోలు నుంచి గూడూరు దాకా ఇదే ప్రశ్న వస్తోంది, మాటలే తేడా. ఒకే హీరో పేరుతో పిల్లల సిరీసూ ఉంటుంది, రక్తం కారే సిరీసూ ఉంటుంది. సినిమాకి సెన్సార్ బోర్డు యూఏ 7+ ఇచ్చిందని ధైర్యపడొద్దు, కామిక్స్‌ని ఆ బోర్డు చూడదు. అమెరికాలో 1954లో పుట్టిన, పిల్లలకి తగినదని చెప్పే కామిక్స్ కోడ్ ముద్రను మార్వెల్ 2001లో, డీసీ 2011లో వదిలేశాయి. ఇప్పుడు ఎవరి రేటింగ్ వాళ్లదే. ‘టీ ప్లస్’ అని ఉంటే మార్వెల్ లెక్కలో 13 దాటినవాళ్లకి, డీసీ లెక్కలో 15 దాటినవాళ్లకి. డీసీ ‘టీ’ కూడా 12 దాటాకే. మీ వాడికి మార్వెల్‌లో ‘ఆల్ ఏజెస్’, డీసీలో ‘ఈ’ (ఎవ్రీవన్) చూసుకోండి.

ఆ ముద్ర అట్ట మీద చిన్న అక్షరాల్లో, సాధారణంగా బార్‌కోడ్ దగ్గర ఉంటుంది. దొంగ స్కాన్ ఫైలైతే ఆ అట్టే ఉండకపోవచ్చు. కథ ఇరవై పేజీలు, కాస్త అటూ ఇటూ. రీడర్ యాప్‌లో పేజీలన్నీ చిన్న బొమ్మలుగా పరిచి చూస్తే రెండు నిమిషాల పని. చివరి మూడు పేజీలు మాత్రం పెద్దవి చేసి చూడండి. తర్వాతి సంచిక కొనిపించాలని ఘోరమంతా అక్కడే పెడతారు. ఒక్కో గడినీ తెరనిండా చూపించే పద్ధతి ఉంటే ఆపేయండి. కాగితం మీద బొటనవేలంత కనిపించే గాయం అందులో ట్యాబ్ అంత అవుతుంది.

ఇక కిడ్స్ మోడ్. రంగురంగుల వాల్‌పేపర్ వేసి, నాలుగు ఐకాన్లు దాచేసి దానికి భద్రత అని పేరు పెడుతున్నారు. అది చూసేది యాప్ వయసు రేటింగే, యాప్ లోపలి సంచికను కాదు. పైగా షాపులో ట్యాబ్ కొన్నప్పుడే నాన్న జీమెయిల్‌తో లాగిన్ చేసి చేతికిస్తారు. ఇక ఆ ట్యాబ్ దృష్టిలో చదివేది నలభై ఏళ్ల మనిషి! పిల్లాడికి వేరే అకౌంట్ తెరిచి ఫ్యామిలీ లింక్‌లో (పిల్లల ఫోన్లను పెద్దలు అదుపు చేసే గూగుల్ యాప్) కలపండి.

నన్ను నిజంగా కలవరపెట్టేది ఆ టెలిగ్రామ్ ఫైలు. కామిక్ ఫైలు చివర సీబీజెడ్ అనో, సీబీఆర్ అనో, పీడీఎఫ్ అనో ఉండాలి. మొదటి రెండూ జిప్, రార్ మూటలే, లోపల వరసగా బొమ్మలుంటాయి. చివర ఏపీకే అని ఉంటే అది కామిక్ కాదు, యాప్. ఇన్‌స్టాల్ కాగానే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, ఆపైన యాక్సెసిబిలిటీ అడిగిందంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఆ అనుమతితో యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు. ట్యాబ్‌లో సిమ్ లేదులే అనుకోకండి. అక్కడ తెరుచుకోకపోతే వాడు అదే ఫైలును అమ్మ ఫోన్లో తెరుస్తాడు. బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ ఫోనుకే.

ట్యాబ్, ఫోన్ రెండింట్లోనూ సెట్టింగ్స్‌లో యాప్స్, స్పెషల్ యాక్సెస్, ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ తెరిచి టెలిగ్రామ్, వాట్సాప్, బ్రౌజర్, ఫైల్స్ అన్నీ ఆఫ్ చేయండి. ఇప్పటికే ఎక్కించేసి ఉంటే ముందు వైఫై, డేటా కట్టేయండి. యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాల్లోంచి దాన్ని తీసేసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మొండికేస్తే సేఫ్ మోడ్‌లో (మనం ఎక్కించిన యాప్‌లు నడవకుండా తెరుచుకునే పద్ధతి) తీయండి. పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: సీబీఆర్ కామిక్ ల్యాప్‌టాప్‌లో విన్‌రార్‌తో తెరుస్తున్నా. ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

మూటలు విప్పే ఆ విన్‌రార్ ప్రోగ్రామ్ ఏ వెర్షన్ అన్నదాన్ని బట్టి. 6.23 కంటే పాతదైతే, మూటలో బొమ్మలా కనిపించే ఫైలు మీద నొక్కితే వెనక స్క్రిప్టు నడిచే లోపం ఉంది. 2025లో ఇంకోటి బయటపడితే 7.13లో సరిచేశారు. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. ఎప్పుడో వేయించి వదిలేసిన కాపీ అలాగే ఉండిపోతుంది. హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కి నంబరు చూడండి. 7.13 కంటే తక్కువుంటే కొత్తది వేయండి, కామిక్స్‌కి మాత్రం కామిక్ రీడరే వాడండి.