బొమ్మల చదువు కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజినీరింగ్ వద్దు, హైదరాబాదులో బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) చేస్తానని పట్టుబడుతున్నది. బంధువులేమో ‘సైన్‌బోర్డులు రాయిస్తావా’ అని ఎగతాళి చేస్తున్నారు. ఈ చదువుతో నిలదొక్కుకున్నవాళ్లు నిజంగా ఉన్నారా?
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: ఉన్నారు, అదీ మీ దగ్గరివాళ్లే. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదు ప్రభుత్వ లలితకళల కళాశాలలో 1963లో డిప్లొమా పూర్తి చేసి, బరోడా వెళ్లి కుడ్యచిత్రకళ (గోడలమీద బొమ్మలు వేయడం), ప్రింట్‌మేకింగ్ (బొమ్మలను అచ్చు తీసే కళ) నేర్చుకున్నారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. మీ బంధువులకు చెప్పడానికి ఆ పురస్కారం పనికొస్తుంది గానీ, తండ్రిగా మీరు చూడవలసింది 1963కూ 2016కూ మధ్య కాలాన్ని. ఆయన దూరదర్శన్‌లో గ్రాఫిక్స్ పని చేశారు, ఆపైన హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని కళల విభాగమైన సరోజినీ నాయుడు స్కూలులో పాఠాలు చెప్పారు. లోహపు రేకుకు మైనపు పూత పూసి, దానిమీద సూదితో గీసి, గీతలను ఆమ్లంతో కొరికించి, సిరా పట్టించి తడి కాగితంపై ప్రెస్సులో అచ్చు తీసే ఎచింగ్ పద్ధతిలో తన పల్లె మనుషులను, మేకలను దేశమంతా గుర్తుపట్టేలా చేసిందీ ఆ సంవత్సరాల్లోనే.

బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం కథా ఇంచుమించు ఇలాంటిదే. హైదరాబాదులో చదివి, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ వద్ద శిక్షణ పొందిన ఆయన బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పారు. నుదుట పెద్ద బొట్టు, ముదురు రంగుల చీరలతో ఆయన వేసే తెలంగాణ స్త్రీలు ఇప్పుడు అందరికీ తెలుసు. ‘దాసి’ చిత్రానికి ఉత్తమ కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం పొందిన సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. సినిమా మాట వచ్చింది కాబట్టి, మద్రాసు ఆర్ట్స్ కళాశాలలో చదివిన తోట తరణి ‘నాయకన్’, ‘ఇండియన్’ చిత్రాలకు అదే పురస్కారం అందుకున్నారని కూడా చెప్పాలి.

అయితే వీళ్లను చూసి మీ అమ్మాయికి గ్యాలరీలో బొమ్మలు అమ్ముడుపోతాయని లెక్క వేసుకోవద్దు. పెయింటింగ్, శిల్పం తీసుకున్నవాళ్లకు సొంత పనిమీద ఆదాయం రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ లోపు బడిలోనో కళాశాలలోనో చెప్పే పాఠమే ఇల్లు గడుపుతుంది, ఇందులో చిన్నతనమేమీ లేదు. జీతం త్వరగా కావాలనుకుంటే అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ శాఖలు నయం: ప్రకటనల సంస్థలు, పుస్తక ప్రచురణ, ప్యాకేజింగ్, మొబైల్ యాప్‌ల తెరల రూపకల్పన, సినిమా స్టోరీబోర్డులు వీళ్ల చేతుల మీదుగానే నడుస్తున్నాయి. 2008లో హైదరాబాదులో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో సీటుకు ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంపీసీ మార్కులకన్నా చేతికి బొమ్మ గీయడం వచ్చి ఉండటం ముఖ్యం. ఇప్పటినుంచే రోజూ మనుషులను, వస్తువులను ఎదురుగా చూసి గీయమనండి, ఫొటో చూసి నకలు తీయడం కాదు.

ప్రశ్న: బీఎఫ్‌ఏ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రదర్శనల్లో వచ్చిన సర్టిఫికెట్లు ఉద్యోగానికి పనికొస్తాయా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కొంతవరకే. డిజైన్ కొలువులిచ్చేవాళ్లు ముందు చూసేది పోర్ట్‌ఫోలియోనే, అంటే మీ బొమ్మల్లో ఎంచి కూర్చిన సంపుటినే. అందులో అరవై బొమ్మలు కుక్కడం కన్నా, ఒక పని తొలి చిత్తుగీతనుంచి పూర్తయ్యేదాకా ఎలా మారిందో చూపే పది పన్నెండు పుటలు మేలు. కళాశాల అధ్యాపకత్వం మీ లక్ష్యమైతే ఎంఎఫ్‌ఏ (లలితకళల పీజీ) చేసి, అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్ (దృశ్యకళలు) రాయండి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల వయసు కళాకారులకు రెండేళ్లపాటు ఉపకారవేతనం ఇస్తుంది. మీ వయసు దాటిపోకముందే దరఖాస్తు చేసుకోండి.