స్క్రిప్టు తర్వాత, ముందు ఆట

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆరో తరగతి పిల్లలతో వారానికో పీరియడ్ నాటకం చేయించడానికి మా హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. స్క్రిప్టు ఇస్తే పద్యం అప్పజెప్పినట్టు చెబుతున్నారు, వదిలేస్తే సినిమా హీరోల్లా చేస్తున్నారు. సగం మంది ముందుకే రారు. మొత్తం 48 మంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని, వనపర్తి జిల్లా

జవాబు: ముందు ఆ స్క్రిప్టు బీరువాలో పెట్టేయండి మేడమ్, ఓ నెలన్నర దాని జోలికి వెళ్లకండి. ఆ వయసు పిల్లల చేతికి కాగితం ఇస్తే కళ్లన్నీ దాని మీదే ఉంటాయి, పక్కవాడు ఏమన్నాడో వినరు, తన వంతు ఎప్పుడొస్తుందా అని టెన్షన్ పడుతూ నిలబడతారు. ఎదుటివాడి మాట వినడం రాకపోతే నటన ఎక్కడి నుంచి వస్తుంది?

స్టాచ్యూ ఆట వాళ్లకు వచ్చిందే కదా, దాన్నే పట్టుకోండి. బెంచీలు గోడకు జరిపి, లేదంటే చెట్టు కిందికి తీసుకెళ్లి, ఆరుగురేసి ఎనిమిది జట్లు చేయండి. ఒక్కో జట్టుకు ఒక్కో చోటు ఇవ్వండి: రేషన్ షాపు, వారం సంత, ఆసుపత్రిలో ఓపీ చీటీల దగ్గర, కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సు. రెండు నిమిషాలు మాట్లాడుకుని ఆ దృశ్యంలో కదలకుండా నిలబడాలి, మిగతావాళ్లు అది ఏ చోటో, ఎవరు ఎవరో చెప్పాలి. తర్వాత మీరు ఒక్కొక్కరి భుజం తట్టండి, తట్టగానే ఆ మనిషి మనసులో ఏముందో ఒక్క మాటలో పైకి అనాలి. బస్సులో చంటిబిడ్డతో నిలబడ్డ ఆమె ఏమనుకుంటోంది, సీటు దొరికినవాడు కిటికీలోంచి బయటికి ఎందుకు చూస్తున్నాడు? ఇక్కడ బట్టీ పట్టడానికి ఏమీ లేదు కాబట్టి అప్పజెప్పడం ఉండదు, రోజూ చూసిన మనుషులే కాబట్టి భయమూ తగ్గుతుంది.

హీరోలను అనుకరించే పిల్లల్ని తిట్టొద్దు, వాళ్లలో ఉత్సాహం ఉంది. ఆ హీరోనే రేషన్ క్యూలో నిలబెట్టండి, మిషన్‌లో వేలిముద్ర పడటం లేదు, వెనక ఉన్నవాళ్లు గొడవ చేస్తున్నారు. ఇప్పుడేం చేస్తాడు? పంచ్ డైలాగు అక్కడ పనిచేయదు, పిల్లాడు తన మాట తాను వెతుక్కుంటాడు.

ముందుకు రాని పిల్లల్ని ‘రా, సిగ్గెందుకు’ అని అందరి ముందూ లాగకండి, ఇంకా ముడుచుకుపోతారు. వాళ్లకు వాన అప్పగించండి. అరచేతి మీద ఒక వేలితో, తర్వాత రెండు, మూడు, అయిదు వేళ్లతో తడుతూ పోతే చినుకు జడివాన అవుతుంది, మళ్లీ ఒక్కో వేలూ తగ్గిస్తూ వస్తే వాన వెలుస్తుంది. క్లాసంతా కలిసి చేసే పని, ఒక్కరినే ఎవరూ చూడరు. అలా కొన్నాళ్లు శబ్దాలు చేసిన పిల్లలు చాలాసార్లు తామే వచ్చి వేషం అడుగుతారు, అడగకపోతే ఆ శబ్దాలే వాళ్ల పాత్ర అనుకోండి, తప్పేం లేదు.

వేషాలు పంచేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. నల్లగా ఉన్నవాడికి రాక్షసుడు, లావుగా ఉన్న అమ్మాయికి నవ్వించే పాత్ర, తెల్లగా ఉన్నవాళ్లకు రాజూ రాణీ... మన బడుల్లో ఇది ఏళ్ల తరబడి నడుస్తోంది, చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ పేరు పదో తరగతి దాకా ఆ పిల్లను వదలదు. పాత్రలు మార్చి మార్చి అందరితో చేయించండి. యాస సంగతీ అంతే. పనివాళ్లకు ఊరి యాస, అయ్యగారికి పుస్తకాల తెలుగు అని పంచొద్దు. మీ పిల్లలు ఇంట్లో ఎలా మాట్లాడతారో రాజుతో కూడా అలాగే మాట్లాడించండి, గొంతు ఎంత హాయిగా విచ్చుకుంటుందో మీరే వింటారు.

ప్రశ్న: మాది మగపిల్లల గురుకులం. ఆడ వేషం అనగానే ఒకటే నవ్వులు. ఆ పాత్రలు తీసేయమంటారా?
– ఒక పీఈటీ, ప్రకాశం జిల్లా

జవాబు: తీసేయకండి సార్. బాపట్లలో పుట్టిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారి గురించి పిల్లలకు చెప్పండి. స్త్రీ పాత్రలతోనే, ముఖ్యంగా సత్యభామగా పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. చీర, జడ, సన్నగొంతు ఇవేవీ వద్దు, నవ్వు వచ్చేది వాటివల్లే. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మ పొద్దున్నే చేసే ఒక పనిని గమనించి రమ్మనండి. ఆ పనిని మాటల్లేకుండా చేతులతో చేసి చూపించాలి, అంతే. ఎవరైనా వెక్కిరిస్తే మాత్రం ఆట అక్కడే ఆపేయండి.

ప్రశ్న: వార్షికోత్సవానికి పది నిమిషాల నాటిక చేస్తున్నాం. మైకుల గొడవ ఎందుకని డైలాగులు ముందే రికార్డు చేసి, పిల్లలు పెదాలు కదిపితే చాలంటున్నారు. సరేనా?
– ఒక పేరెంట్, హైదరాబాద్

జవాబు: దయచేసి ఒప్పుకోవద్దండీ. రికార్డుకు పెదాలు కలపడమే పని అయిపోతే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, ఎవరైనా మాట మరిచిపోతే పక్కనున్న పిల్ల అందుకునే అవకాశమే ఉండదు, నాటకంలో నేర్చుకోవాల్సింది అదే. ఒకే మైకు చుట్టూ అందరూ మూగడమూ వద్దు. వీధి నాటకాల్లోలాగా జనాన్ని మూడు వైపులా దగ్గరగా కూర్చోబెట్టమనండి, వీలైతే ఆ నాటికను డాన్సుల కంటే ముందు, జనం గోల మొదలవకముందే పెట్టించండి. రిహార్సల్‌లో ఒకరిని మైదానం చివర నిలబెట్టి, వినపడకపోతే చెయ్యెత్తమనండి. అరవకుండా, మాట చివరి అక్షరం మింగకుండా చెప్పడం వారంలో అలవాటవుతుంది.